జింక తోలు

ఆదిలక్ష్మి మా ల్యాబుకు వచ్చిన రోజు నేను ప్రిన్సిపాల్ గదికి వెళ్లి పోట్లాడాను. అది 1993 జూన్. మదనపల్లెలో మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుకు ఒక అటెండరు కావాలని రెండేళ్లుగా కాగితాల మీద కాగితాలు పెడుతున్నాను. ఇంటర్ సైన్సు చదివినవాళ్లను ఇవ్వండని అడిగితే, మా ఆఫీసులో పని చేస్తూ కామెర్లతో పోయిన వెంకటేష్ భార్యను తెచ్చి నా నెత్తిన పెట్టారు. తంబళ్లపల్లె దగ్గరి పల్లెలో సేద్యగాళ్ల ఇంట్లో పుట్టి, ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. యాసిడ్ సీసాకూ ఆముదం సీసాకూ తేడా తెలియని ఆవిడతో నేనేం చేయాలని అడిగాను. ప్రిన్సిపాల్ తల ఎత్తకుండా నేర్పించుకోమన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కాలేజీలో అందరికీ తెలుసు కాబట్టి, ఇంకెవరూ పట్టించుకోలేదు.

పదిహేనేళ్లు ఆమెతో కలిసి పని చేశాను. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చుంటే, ఆ రోజు నేనన్న మాటలు తలచుకుని సిగ్గేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె వచ్చిన రెండో నెలలో అనుకుంటా, బీఎస్సీ పిల్లలకు చెక్కల్లో, కాయల్లో ఉండే టానిన్ల పాఠం చెబుతున్నాను. కరక్కాయ కషాయంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేసి, అది నీలి నలుపుగా మారుతుంటే గొప్పగా పైకెత్తి చూపించాను. వెనకాల తొట్టి దగ్గర టెస్ట్‌ట్యూబులు కడుగుతున్న ఆదిలక్ష్మి, ఎవరూ అడక్కుండానే, అది సిరా గదా సార్ అంది. పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండింది. కడిగే పని చూసుకోమని కసిరాను. ఆమె భయపడలేదు, అలగలేదు. తన తాత కరక్కాయ నీళ్లలో అన్నభేది, అంటే ఇనుప ఉప్పు, వేసి సిరా కాచేవాడని, అది ఈ రంగే వస్తుందని, అదే తంగేడు చెక్క నీళ్లలో వేస్తే పచ్చ నలుపు వస్తుందని చెప్పింది. వాళ్ల ఊళ్లో తోళ్లు నానవేసే గుంతలో ఇనుప గొలుసు పడితే నీళ్లకు ఆ పచ్చ నలుపే వచ్చేదట.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్లాక, తలుపు దగ్గరగా వేసుకుని తంగేడు చెక్క ఉడకబెట్టి చుక్క వేసి చూశాను. పచ్చ నలుపే వచ్చింది. పుస్తకంలో అది చిన్న అక్షరాల్లో ఉంది. టానిన్లలో రెండు జాతులున్నాయి, ఇనుముతో కలిస్తే ఒకటి నీలానికి తిరుగుతుంది, ఇంకొకటి ఆకుపచ్చకు తిరుగుతుంది. పదకొండేళ్లుగా పాఠం చెబుతున్న నేను ఆ రెండో రంగు ఎప్పుడూ కళ్లతో చూడలేదు. మరుసటి రోజు అదే క్లాసులో ఆదిలక్ష్మిని పిలిచి, నిన్న చెప్పింది మళ్లీ చెప్పమన్నాను. ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, పిల్లలకు తాత సిరా కథంతా చెప్పింది. ఆ ఏడాది ఆ ప్రశ్నకు మా వాళ్లందరూ బాగా రాశారు.

తర్వాత ఒకసారి, వగరు అంటే అసలు ఏమిటని నన్ను అడిగింది. టానిన్ వెళ్లి నాలుక మీది మాంసకృత్తులను పట్టుకుని ముడుచుకునేలా చేస్తుంది, ఆ బిగువే మనకు వగరు, తంగేడు చెక్క పచ్చి తోలుకు చేసేదీ అదే పని, అందుకే తోలు కుళ్లకుండా నిలబడుతుంది అని చెప్పాను. ఆమె, అయితే వక్క నమిలినప్పుడల్లా నాలుక చెప్పు తోలయ్యేదానికి బయల్దేరి, మధ్యలో ఇంటికి తిరిగొస్తాందన్నమాట అంది. ఆ మాటను నేను నా తర్వాతి పాఠాలన్నిటిలోనూ వాడుకున్నాను. నాది అనే చెప్పుకున్నాను.

ఆమెలో ఒక్క చెడ్డ అలవాటు ఉండేది. ఏది చేతికి వచ్చినా నాలుక కొనతో తాకేది. చెక్క, కాయ, జిగురు, చివరికి పాత పుస్తకం అట్ట కూడా. ఒకసారి ఎవరో పాత తోలు సంచి తెచ్చి చూపిస్తే, నేను ఫెర్రిక్ క్లోరైడ్ వెతికేలోగా నాకి చూసి కరక్కాయ అని చెప్పేసింది. పాత వస్తువులకు పురుగు పట్టకుండా జనం ఏ విషపు పొడులు చల్లి ఉంటారో తెలుసా అని ఆ రోజు నేను అరిచిన అరుపుకు పక్క ఫిజిక్స్ ల్యాబు నుంచి కూడా జనం వచ్చారు. ఆ తర్వాత నా ఎదుట మానేసింది. నా వెనక సంగతి దేవుడికే తెలియాలి.

తోళ్ల మీద ఆమెకు పట్టిన పిచ్చి ఎలా మొదలైందో నాకు సరిగ్గా గుర్తు లేదు. మైక్రోస్కోపు తుడుస్తూ తుడుస్తూ తన చెప్పు ముక్క ఒకటి దాని కింద పెట్టి చూసిందని తర్వాత చెప్పింది. జంతువు ఒంటి మీద వెంట్రుకలు ఊడిపోయినా, అవి మొలిచిన గుంతలు తోలు మీద ఉండిపోతాయి. ఒక్కో జంతువుకు ఆ గుంతల వరస ఒక్కో తీరు. మేకకు రెండు మూడు పెద్ద గుంతలు వరసగా, వాటి పక్కన చిన్నవి. ఆవుకూ దూడకూ వరసంటూ లేకుండా, వత్తుగా, అన్నీ దాదాపు ఒకే కొలత. ఇది పట్టుకున్నాక ఆమె ఆగలేదు. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దన్న దగ్గర, పలక డప్పులు కట్టేవాళ్ల దగ్గర, జీనులు బాగుచేసేవాళ్ల దగ్గర గోరంత గోరంత ముక్కలు అడుక్కొచ్చి, పాత అట్టల మీద అతికించి, ఏ జంతువు, ఎవరిచ్చారు, ఎప్పుడు అని రాసిపెట్టేది. ఒక మఠంలో స్వామి కూర్చుని కూర్చుని చిరిగిపోయిన జింక చర్మం నుంచి కూడా ఒక ముక్క సంపాదించింది. జింకది మేకకు దగ్గరి పోలిక. అలా పదేళ్లలో నలభై ఏడు అట్టలయ్యాయి. నాకు తెలిసి మా చుట్టుపక్కల ఏ ల్యాబులోనూ అలాంటిది లేదు. జీతం మాత్రం అటెండరు జీతమే.

2004లో కుప్పం నుంచి సుప్రియ వచ్చింది. కుప్పంలో పాత రాతప్రతుల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. తిరుపతిలో అపార్ట్‌మెంటులో పెరిగింది, పాత రాతను చకచకా చదివేస్తుంది, ల్యాబు పని తెలియదు. ఎవరో మా ఆదిలక్ష్మి తోళ్ల సంగతి చెబితే, చిన్న కాగితపు పొట్లాం పట్టుకుని బస్సెక్కి వచ్చింది. అందులో ఒక పాత పుస్తకం నుంచి రాలిన తోలు పెళ్లలు, రెండు కాగితపు తునకలు ఉన్నాయి.

పుస్తకం పుంగనూరులో పచారీ కొట్టు నడిపే గోపాలస్వామి ఇంటిది. ఆయన ముత్తాత పశువుల వైద్యుడు. ఏ రోగానికి ఏ మందు పోశాడో చేత్తో రాసుకున్న పుస్తకం అది. నూరేళ్లకు పైబడింది. ఇంట్లో ఎవరూ చదవరు, ఆ రాత చదవడం రాదు కూడా. దేవుడి గూట్లో పెట్టి పూజ చేస్తారు. చేసేది గోపాలస్వామి అక్క విజయమ్మ. డెబ్భై ఎనిమిదేళ్లావిడ. పంతొమ్మిదో ఏట భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తల్లిలేని తమ్ముణ్ణి పెంచి, అరవై ఏళ్లుగా పొద్దున లేచి స్నానం చేసి ముందు ఆ పుస్తకాన్ని తాకి కళ్లకద్దుకుని, తర్వాతే నోట్లో నీళ్లు పోసుకుంటుంది. దాని అట్ట జింక తోలని, జింక పవిత్రం కాబట్టి దేవుడి దగ్గర ఉండవచ్చని ఆ ఇంట్లో తరతరాల మాట.

ఇప్పుడు ఆ అట్ట ఎర్ర పొడిగా రాలిపోతోంది. సిరా అక్షరాల చోట కాగితం చిల్లులు పడుతోంది. బాగు చేసి ఇస్తానని సుప్రియ బతిమాలితే, విజయమ్మ రెండు నెలల గడువు పెట్టి పుస్తకాన్ని కుప్పానికి పంపింది. షరతు ఒక్కటే. అతుకు వేస్తే జింక తోలే వేయాలి, ఇంకో జంతువు తోలు తగిలిందంటే ఆ పుస్తకం మళ్లీ తన గూట్లోకి రాదు. జింకల వేటే నేరమైన రోజుల్లో జింక తోలు ఎక్కడ తెచ్చేది? కనీసం ఇప్పుడున్నది ఎలాంటి తోలో, దేనితో పదును చేశారో తెలిస్తే దానికి తగ్గ దారి వెతకవచ్చని సుప్రియ ఆశ.

ఆదిలక్ష్మి నాలుగు రోజులు కూర్చుంది. కాగితం గుడ్డపీలికలతో చేసింది, చెక్కగుజ్జు లేదు. సిరా కరక్కాయ, అన్నభేది. ఆ అన్నభేదే కాగితాన్ని తింటోంది. తోలును పదును చేసింది తంగేడు చెక్కతో, చుక్క వేయగానే పచ్చ నలుపు. ఇవన్నీ గబగబా చెప్పింది. జంతువు దగ్గరికి వచ్చేసరికి నోరు విప్పలేదు. ముక్క మార్చి చూసింది, దీపం మార్చి చూసింది, తన అట్టలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటే పక్కన పెట్టి చూసింది. ఐదో రోజు నన్ను పిలిచి మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది.

వరస లేదు. వత్తుగా, ఒకే కొలత గుంతలు. ఆవు తోలు.

వేరే ఏదైనా అయితే ఒక దండం పెట్టి చెప్పేయొచ్చు. అరవై ఏళ్లు ఒక ముసలమ్మ దేవుడి గూట్లో పెట్టి కళ్లకద్దుకున్నది చచ్చిన ఆవు చర్మమని ఎవరు చెబుతారు? సుప్రియకు ఫోను చేసి చూచాయగా చెప్పాను. ఆ పిల్ల నమ్మలేదు. పుస్తకం కట్టించాక చేర్చిన మొదటి పేజీలోనే 'జింక తోలుతో కట్టించితిమి' అని స్పష్టంగా రాసి ఉందని, రాసినవాడి కంటే మీ అటెండరుకు ఎక్కువ తెలుసా అని అడిగింది. ఆ మాట నాకు గుచ్చుకుంది. పదకొండేళ్ల కిందట నేనన్న మాట కూడా అదే కదా.

రెండు రోజులకు గోపాలస్వామి స్వయంగా మదనపల్లెకు వచ్చాడు. ఎవరో ఆయన చెవిన వేసినట్టున్నారు. పొట్టి మనిషి, చేతిలో గొడుగు, నుదుట బొట్టు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ల్యాబు తలుపు దగ్గరే నిలబడి ఆదిలక్ష్మితో మాట్లాడాడు.

"అమ్మా, నీ చదువు నిజమే అయ్యుండొచ్చు. మా అక్కకు ఆ పుస్తకమే బిడ్డా, మొగుడూ, దేవుడూ. ఇది ఆవు తోలు అని తెలిస్తే పుస్తకాన్ని బావిలో యాసి, తానూ అన్నం మానేస్తాది. నాకు ఆమె తప్ప యవరూ లేరు. జింక అనే రాసీమ్మా."

ఆయన వెళ్లాక, నేను పెద్దమనిషి తరహాలో ఆదిలక్ష్మికి ఒక ఉపాయం చెప్పాను. ముక్క చాలలేదు, నిర్ధారణ కాలేదు అని రాసేద్దాం. అబద్ధమూ కాదు, ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం, మనకెందుకు అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. కోపం కాదు. జాలి లాంటిది.

"ముక్క సాలింది గదా సార్. ప్రాక్టికల్స్‌లో పిల్లోళ్లు రీడింగ్ దిద్దితే మీరు రికార్డు సించేస్తారు. ఇప్పుడు నేను దిద్దాల్నా?"

ఆమే మళ్లీ, పుస్తకాన్ని మొత్తం ఒకసారి చూడాలంది. రాలిన పెళ్ల ఎక్కడిదో, మధ్యలో ఎవరైనా అతుకు వేసి ఉంటారేమో, అదీ తేల్చుకోవాలి కదా. ఆ ఆదివారం ఇద్దరం కుప్పం బస్సెక్కాం. పుంగనూరు దాటుతుంటే ఆమె కిటికీలోంచి గోపాలస్వామి వీధి వైపు చూసి, తల తిప్పుకుంది. దారి పొడుగునా, సుప్రియ మాకు ముందే పంపిన జిరాక్సు పేజీలు నేను తిరగేస్తూ కూర్చున్నాను. రాత గొలుసుకట్టు, పదానికీ పదానికీ మధ్య జాగా లేదు. నాకు సగం సగమే అర్థమైంది.

కుప్పంలో సుప్రియ గదిలో, తెల్లగుడ్డ మీద పుస్తకం పెట్టారు. పిడికిలంత మందం, చేటంత వెడల్పు లేదు కానీ బరువుగానే ఉంది. ఆదిలక్ష్మి చేతులు కడుక్కుని, మొదట నమస్కారం చేసి, చేతి భూతద్దంతో అట్టను అంగుళం అంగుళం చూసింది. గంట పట్టింది. అతుకు లేదు. అంతా ఒకే తోలు. ఆవే.

సుప్రియ ముఖం ఎర్రబడింది. మొదటి పేజీ తెరిచి ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించింది. రాసినవాడు వైద్యుడు, పశువుల మధ్య బతికినవాడు, జింకకూ ఆవుకూ తేడా తెలియదా అని అడిగింది. ఆదిలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

"ఆయన అబద్ధం సెప్పడు తల్లీ. నా కన్ను కూడా అబద్ధం సెప్పడంలేదు. రెండూ నిజమే అయితే అదెట్లా అని సూడాల గానీ, మనం కొట్లాడితే ఏమొస్తాది? లోపల ఏం రాసినాడో కొంచెం సదువు, విందాం."

సుప్రియ తన నోటుపుస్తకం తీసింది. ఆమె పని మందుల పేర్ల జాబితా చేయడం. ఉబ్బరానికి వాము, ఇంగువ, నల్లుప్పు. గాళ్ల రోగానికి, అదే గాలికుంటుకు, వేపాకు, పసుపు. ఆదిలక్ష్మి కళ్లు మూసుకుని వింటోంది, అక్కడక్కడా తల ఊపుతోంది, తన పుట్టింట్లోనూ అదే పోసేవాళ్లమంటోంది. ఒకచోట సుప్రియ ఆగి, ఇక్కడ మాత్రం ఆయనకు కొన్ని సరుకులు దొరకనట్టుంది అంది. జింక కొమ్ము, చేప నూనె కావాల్సి ఉంటాయి, 'నేడు జింక, చేప లేదు' అని రాసుకున్నాడు. ఆ తర్వాత 'దూడను విడిచినను చేప లేదు' అని ఉంది, ఇదేమిటో అర్థం కాక ప్రశ్నార్థకం పెట్టుకున్నాను అని చెప్పింది.

ఆదిలక్ష్మి కళ్లు తెరిచింది. ఆ వాక్యం మళ్లీ చదవమంది. సుప్రియ చదివింది. మూడోసారి చదివించింది. తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఆమె కళ్లలో నీళ్లు తిరగడం చూశాను.

"సేప అంటే నీళ్లలో సేప కాదు తల్లీ. పాలు సేపలేదని. దూడను ఇడిచినా పాలు సేపలేదు. ఆవు పొదుగులోకి పాలు దించలేదని రాసుకొన్యాడు. జింక అనేది ఆయన ఆవు పేరు."

దూడ మూతి తగలగానే ఆవు పాలు వదలడాన్ని చేపడం అంటారని పాకెట్ పాలు తాగి పెరిగిన సుప్రియకు తెలియకపోతే ఆశ్చర్యం లేదు. గుమస్తా కొడుకుగా మదనపల్లె వీధుల్లో పెరిగిన నేను కూడా అదే పేజీని బస్సులో చదివి, ముసలాయన చేపలు తినేవాడేమో అనుకున్నాను. అంత చదువు చదివిన ఇద్దరం పాలు చేపని ఆవును పట్టుకుని చేపల బజారుకు తీసుకెళ్లాం.

తన పుట్టింట్లో ఆవు పేరు నెమిలి అని ఆదిలక్ష్మి చెప్పింది. నెమిలికి గడ్డి వేశామంటే నెమలి పక్షికి వేశామనా అని అడిగింది. పుంగనూరు ఆవు మనిషి నడుమంత ఎత్తే, చిన్న కాళ్లతో చెంగున గెంతుతుంది, దానికి జింక కాకపోతే ఇంకేం పేరు పెడతారంది. ఆ జాతి ఆవులు పుంగనూరులోనే కనిపించకుండా పోతున్న రోజులవి. అందుకే ఆ ఇంట్లోవాళ్లకు కూడా ఆ పేరు తట్టలేదనుకుంటాను. జింక తోలు, జింక తోలు అని తాత చెప్పింది తండ్రి చెప్పాడు, తండ్రి చెప్పింది వీళ్లు చెప్పారు. మాట ఒక్క అక్షరం మారలేదు. ఆవే మధ్యలో తప్పిపోయింది.

ఇక సుప్రియ ఆపలేదు. మందుల పేర్లు లేవని దాటేసిన పేజీలతో సహా మొదటి నుంచి మళ్లీ చదివింది. 'జింక ఈనినది, పేయ దూడ' అని ఉంది. 'జింక పూటకు రెండు సేర్లు' అని ఉంది. చివరి పేజీలకు ముందు ఒక పేజీని ఆ పిల్ల ప్రతి మాట కిందా వేలు పెట్టి చదివింది. అక్కడ ఇలా ఉంది: 'జింక నాలుగు దినములు మేత ముట్టలేదు. తెలిసినదంతయు చేసితిమి. మా చేత కాలేదు. ఈ పొద్దు పోయినది. ఈ కాగితములను దాని తోలుతో కట్టించవలెను. ఏ మందు పని చేసినదీ, ఏది చేయనిదీ ఇకమీదట దాచక వ్రాయవలెను.'

ఆదిలక్ష్మి లేచి నిలబడింది. పుస్తకాన్ని ఇప్పుడే పుంగనూరు తీసుకుపోదామంది. గోపాలస్వామికి ముందు చెప్పి, ఆయన చేత మెల్లగా చెప్పిద్దామన్నాను నేను. ఆమె ఒప్పుకోలేదు. అరవై ఏళ్లు దాన్ని ముట్టుకున్న మనిషి విజయమ్మ, ముందు వినాల్సింది ఆమే అంది.

సుప్రియతో కలిసి మేం పుంగనూరు చేరేసరికి పొద్దు వాలుతోంది. గోపాలస్వామి కొట్టులోంచి మమ్మల్ని చూసి, తూకం వదిలేసి పరుగున వచ్చాడు. మా వెనకే ఇంట్లోకి వచ్చాడు. నడవలో నేల మీద కూర్చుని విజయమ్మ పప్పు ఏరుతోంది. ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేని మనిషి. ఆదిలక్ష్మి ఆమె ఎదురుగా కూర్చుని, గుడ్డలో చుట్టిన పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుంది. తిరకాసు లేకుండా చెప్పింది.

"అవ్వా, ఇది ఆవు తోలు. నేను నాలుగుసార్లు సూసినాను."

గోపాలస్వామి స్తంభం పట్టుకున్నాడు. పుస్తకం కోసం ముందుకు చాచిన విజయమ్మ చెయ్యి గాల్లోనే ఆగి, వెనక్కి పోయింది. చేట పక్కన పెట్టింది. ముక్క చాలలేదని రాసి ఉంటే ఎంత బాగుండేదని, నిజంగా, ఆ క్షణాన అనుకున్నాను.

ఆదిలక్ష్మి ఆగలేదు. సుప్రియ చేత పాలు చేపని రోజు చదివించింది, ఈనిన రోజు చదివించింది, చివరికి ఆ నాలుగు దినాల పేజీ చదివించింది. విజయమ్మ నేల వైపే చూస్తూ వింది. చదవడం అయిపోయింది. కొట్టు ముందు ఎవరో బెల్లం కోసం పిలిచి, జవాబు లేక వెళ్లిపోయారు.

"దూడ ఏమాయె?" అని అడిగింది విజయమ్మ.

సుప్రియ తడబడుతూ పేజీ తిప్పింది. వెతికింది. రెండు పేజీల తర్వాత దొరికింది. 'జింక దూడకు ఇంటిది గిన్నెతో పాలు పట్టుచున్నది. నేడు గడ్డి కొరికినది' అని చదివింది. విజయమ్మ చేతులు చీరకు తుడుచుకుని, పుస్తకాన్ని ఆదిలక్ష్మి ఒళ్లోంచి తన ఒళ్లోకి తీసుకుంది. తమ్ముడి వైపు తిరిగింది.

"కొత్తిల్లు కడితే ముందు ఆవునే గదప్పా లోపలికి తోలేది. ఇది నూరేళ్ల ముందే వచ్చి ఈడ కూసోనుండాది. ఇప్పుడు దీన్ని యాడికి తోలేది?"

గోపాలస్వామి స్తంభం మీద తల ఆనించి ఏడ్చాడు. విజయమ్మ ఆయన్ను పట్టించుకోలేదు. అట్ట మీద రాలుతున్న ఎర్ర పొడిని, పశువు వీపు మీద దుమ్ము దులిపినట్టు, అరచేత్తో మెల్లగా నిమిరింది. తర్వాత ఆదిలక్ష్మితో, అతుకు తోలుతో వేయవద్దని, ఇంకోదాని చర్మం దీని మీద ఎందుకని, మంచి నూలు గుడ్డ వేసి చింతగింజల అంబలితో అంటించమని చెప్పింది. పుస్తకాల బాగుచేత నేర్చిన సుప్రియ కూడా తలూపింది. మందుల సంగతి రాసిన చోట్లు ఊరి పశువుల డాక్టరుకు చదివి వినిపించమని కూడా విజయమ్మే చెప్పింది. దాచకుండా రాసిన మనిషి రాత గూట్లో దాచిపెట్టి ఇన్నేళ్లు తప్పు చేశానంది.

ఆదిలక్ష్మి భయపడలేదనుకున్నాను. మదనపల్లెలో తిరుగు బస్సు దిగేటప్పుడు చూస్తే చెంగు కొన మెలిపెట్టి మెలిపెట్టి తాడైపోయింది.

సోమవారం రిపోర్టు టైపు చేయించి నా బల్ల మీద పెట్టింది. మా ఫారంలో గళ్లు ఉంటాయి. కాగితం, సిరా, పదును, జంతువు. అన్నీ నింపి ఉన్నాయి. జంతువు అన్న గడిలో ఆవు అని ఉంది. దాని కింద, మా ఫారంలో ఎప్పుడూ లేని ఒక గడి స్కేలు పెట్టి పెన్నుతో గీసి ఉంది. అందులో పేరు అని రాసి, పక్కన జింక అని రాసింది. ఇలాంటి గడి సైన్సు రిపోర్టులో ఉండకూడదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆదిలక్ష్మి తొట్టి దగ్గర టెస్ట్‌ట్యూబులు కడుగుతోంది, నా వైపు చూడటం లేదు. పెన్ను తీసి కింద సంతకం పెట్టాను. నా సంతకం పైన ఆమె పేరు కూడా రాసి, ఆమెను పిలిచి సంతకం పెట్టమన్నాను.